ఈ చిన్న వేళ్లకు ఏం నేర్పుదాం?

(యువజన సమావేశంలో గిరిజన బాలికల వసతిగృహ వార్డెన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



 గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న మూడు జిల్లాలయ్యాయి. కానీ మన పెళ్లిళ్లకు, సంతలకు, జాతరలకు ఆ హద్దులు ఇప్పటికీ లేవు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటలు మీకోసం. మీలో కొందరు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కొందరికి రేపో మాపో పెళ్లి. నన్ను ‘చదువు, భవిష్యత్తు’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. పది, ఇంటర్, పోటీ పరీక్షల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వాటన్నిటికంటే ముందుండే ఐదేళ్ల గురించి మాట్లాడతాను. మూడో ఏటి నుంచి ఎనిమిదో ఏటి దాకా పిల్లలు మీ దగ్గరే ఉంటారు. తర్వాత నా దగ్గరికి వస్తారు. నా దగ్గరికి వచ్చాక నేను ఏం చేయగలనో, ఏం చేయలేనో ఇన్నేళ్ల అనుభవంతో చెప్తున్నాను.

పోయినేడు రాఖీ సెలవులకు పిల్లలు ఇళ్లకు పోతుంటే ఒక పని పెట్టాను. ‘ఇంట్లో ఎవరితోనైనా కలిసి చేసిన వస్తువు ఒకటి తీసుకురండి. కొన్నది వద్దు’ అన్నాను. సెలవులు అయిపోయాక చూస్తే చాలామంది రంగురంగుల ప్లాస్టిక్ రాఖీలు తెచ్చారు. ఇద్దరు అగ్గిపెట్టెలతో బండి చేసుకొచ్చారు. ఒక పాప వాళ్ల నానమ్మతో కలిసి కుట్టిన మోదుగాకు విస్తరి తెచ్చింది. దారిలో నలిగి సగం చినిగింది, అయినా నేను దాన్ని గోడకు తగిలించాను.

మూడో తరగతి పిల్ల ఒకతి తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ వాళ్ల తండాలో తీజ్. సంతోషంగా అడిగాను, ‘తీజ్ బుట్టకు నీళ్లు పోసినవా బిడ్డా?’ అని. ‘లే మేడం, సీడుకు పోయిన’ అంది. చేతులు చాపమన్నాను. వేళ్ల కొసలు నల్లబడి, గోళ్ల పక్కన చర్మం లేచిపోయి ఉంది.

నడిగడ్డ వాళ్లకు సీడ్ పత్తి గురించి చెప్పే అవసరం లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే ఆడ మొక్క మొగ్గను పట్టుకుని, దాని రేకులు, పుప్పొడి తిత్తులు గిల్లేయాలి. లోపలి కీలం విరగకూడదు. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడి ఆ కీలానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఆ పిల్ల ఇదంతా నాకు నిలబడి చెప్పింది. ఒక మగపువ్వు ఎన్ని ఆడపువ్వులకు సరిపోతుందో, పొద్దెక్కితే ఎందుకు పనికిరాదో కూడా చెప్పింది. పరాగ సంపర్కం పాఠాన్ని నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. నాకంటే ఆ పిల్లే బాగా చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన పిల్లలకు చేతిపని రాదని, ఓపిక లేదని మనమే అంటుంటాం. ఆ పిల్లకు రెండూ ఉన్నాయి. ఎనిమిదేళ్ల వేళ్లు అంత సున్నితమైన పని నేర్చుకున్నాయి. కానీ ఎవరి పని నేర్చుకున్నాయి? ఏ నెలలో నేర్చుకున్నాయి? తీజ్ బుట్ట దగ్గర ఉండాల్సిన రోజుల్లోనే. మన పిల్లల చిన్న వేళ్ల విలువ మనకంటే ముందు విత్తనాల వ్యాపారానికి తెలిసింది. ఈ మాట నాకు గుచ్చుకుంది కాబట్టే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

ఇంకొకరి తప్పు చెప్పే ముందు నా సంగతి చెప్పాలి. నేను తండా పిల్లనే. మా యాడి పేట్యా, కాంచళి తనే కుట్టుకునేది. ఎండాకాలం మధ్యాహ్నం వేపచెట్టు కింద నలుగురు ఆడవాళ్లు కూర్చుని అద్దాలు కుట్టేవాళ్లు. అద్దానికి చిల్లు ఉండదు, జిగురు ఉండదు. నాలుగువైపులా దారంతో పందిరి వేసి, ఆ పందిరిని అంచుచుట్టూ బిగిస్తే అద్దం బట్టకు అతుక్కుంటుంది. నేను పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించేదాన్ని. అంతవరకే నేర్చుకున్నాను. మూడో తరగతిలో నన్ను హాస్టల్లో వేశారు. హాస్టల్ వల్లే చదివాను, టీటీసీ చేశాను, ఉద్యోగం వచ్చింది. ఆ మేలు నేను మరచిపోను. కానీ ప్రతి వేసవికి ఇంటికి పోయినప్పుడు నా చేతిలో పుస్తకం చూసి మా యాడి సూది ఇచ్చేది కాదు. ‘నువ్వు చదువుకో, ఇది మా బతుకు’ అనేది.

నాలుగేళ్ల కింద సేవాలాల్ జయంతికి మా యాడి కాంచళి వేసుకుందామని పెట్టె తెరిచాను. మూడు అద్దాలు ఊడిపోయి ఉన్నాయి. కుట్టబోయాను, రాలేదు. పందిరి వేస్తే అద్దం జారిపోతోంది. మా యాడికి చూపు తగ్గింది, చేత్తో తడిమి చెప్పగలదు గానీ కుట్టి చూపలేదు. పిల్లలకు పాఠం చెప్పే నేను మా ఇంటి కుట్టు దగ్గర ఒకటో తరగతి కూడా పాస్ కాలేదు. చివరికి ఒక వేసవంతా ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా వేళ్ల మీద వేళ్లు పెట్టి లాగేది. ఇప్పుడు వంకరగానైనా కుట్టగలను. ఆరేళ్ల పిల్ల ఒక వారంలో పట్టుకునేది నాకు నలభై దాటాక రెండు నెలలు పట్టింది.

తుంగభద్రకు అవతల, కర్ణాటకలోని సండూరులో మన లంబాడీ అక్కలు కుట్టే కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1755 కుట్టు వస్తువుల ప్రదర్శనకు గిన్నిస్ రికార్డు వచ్చింది. ఆ వార్త చదివి మన వాట్సాప్ గ్రూపుల్లో అందరం గర్వపడ్డాం. గర్వపడినవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఒక సూది, నాలుగు అద్దాలు ఉన్నాయి? నేను కూడా ఆ లెక్కలోనే ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను.

‘ఇవన్నీ నేర్చుకుని మా పిల్లలు బుట్టలల్లుకుని బతకాలా మేడం?’ అని ఒక తమ్ముడు నన్ను సూటిగా అడిగాడు. మంచి ప్రశ్న. బతుకుదెరువు కోసం నేర్పమని నేను అనడం లేదు. మీ పిల్ల డాక్టరు కావాలన్నా, ఇంజనీరు కావాలన్నా ఈ ఐదేళ్లు చేతులతో గడపాలని చెప్తున్నాను.

టీటీసీలో మాకు ఫ్రోబెల్ గురించి చెప్పారు. 1837లో జర్మనీలో చిన్నపిల్లల కోసం బడి పెట్టి, దానికి తర్వాత కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టినాయన. పిల్లలకు ఆయన ఇచ్చిన మొదటి ‘కానుక’ ఏమిటో తెలుసా? రంగురంగుల ఊలు బంతులు, దారానికి వేలాడేవి. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా తండాలో ప్రతి ఊయలకూ ఊలు కుచ్చులు వేలాడేవి. మా దాది ఏ జర్మనీకీ పోలేదు. 2023లో ఎన్‌సీఈఆర్టీ వాళ్లు మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం ‘జాదుయి పిటారా’ అని ఒక పెట్టె తెచ్చారు. అందులో బొమ్మలు, ఆటవస్తువులు, కథలు ఉంటాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆ వయసు పిల్లలు ఆటతో, చేతులతో నేర్చుకోవాలంటుంది. ప్రభుత్వం పెట్టెలో పెట్టి ఇస్తున్నది మన ముంగిట్లో ఎప్పటినుంచో ఉంది. మనమే దాన్ని ఊడ్చి బయట పడేస్తున్నాం.

ఒకటో తరగతి పిల్లలకు పలకమీద అక్షరం రాకపోతే టీచర్లు తిడతారు. చాలాసార్లు ఆ పిల్లకు అక్షరం తెలుసు, వేళ్లలో పట్టు లేదు. మట్టి పిసికిన చేతికి, గింజలు ఏరిన వేళ్లకు, దారం ఎక్కించిన కంటికి బలపం బరువు కాదు. అక్షరానికి ముందు చేయాల్సిన సాధన అదే.

ఏ నెలలో ఏం చేయవచ్చో చెప్తాను. ఇందులో కొత్తది ఏదీ లేదు, మీ ఇంట్లో పెద్దవాళ్లకు నాకంటే ఎక్కువ తెలుసు.

తొలకరితో మొదలుపెడదాం. గద్వాల వైపు జ్యేష్ఠ అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు. మూడేళ్ల పిల్లకు కూడా ఒక ముద్ద ఇవ్వండి. అది ఎద్దులా ఉండకపోయినా ‘ఇది ఎద్దు’ అని పిల్ల అంటే అది ఎద్దే. ఐదేళ్ల పిల్లకైతే అడగండి, ఉత్త నల్లరేగడితో చేస్తే ఎందుకు పగిలింది? కొంచెం ఇసుక కలిపితే ఏమైంది? ఎండలో పెడితే ఏమైంది, నీడలో పెడితే ఏమైంది? దీన్నే మేము బడిలో ప్రయోగం అంటాం.

శ్రావణంలో తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్ను, ఎండిన మేక ఎరువు కలిపి బుట్టల్లో నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. మా చిన్నప్పుడు మా తండాకు ఆ బుట్టలు ఎరుకల అక్క అల్లి తెచ్చేది, బుట్టకు బదులు జొన్నలు పట్టుకుపోయేది. పెద్దపిల్లలు చేస్తుంటే చిన్నవాళ్లు చూస్తూ నిలబడతారు, తాకితే తిడతాం. తిట్టకండి. వాళ్లకు ఒక కొబ్బరిచిప్పలో మన్ను పోసి నాలుగు గోధుమలు ఇవ్వండి. రోజూ మొలక పక్కన దారం పెట్టి, ఎంత పెరిగితే అక్కడ ముడి వేయమనండి. తొమ్మిది రోజుల్లో దారం మీద తొమ్మిది ముడులు, ముడికీ ముడికీ మధ్య ఎడం ఎక్కడ ఎక్కువుందో పిల్లే చెప్తుంది. ఒక చిప్పను ఎండలో, ఒకటి చీకట్లో పెడితే ఏది ఆకుపచ్చగా ఉందో, ఏది పసుపురంగులో ఉందో చూపించండి. బోరడి రోజు రేగుముల్లుకు నానిన శనగలు గుచ్చడం పెద్దపిల్లల పని. చిన్నవాళ్లకు ముల్లు వద్దు. శనగలు నానబోసి, మంచివి ఏరి, అక్కలకు అందించమనండి.

భాద్రపదం చివర, బతుకమ్మకు ముందు బొడ్డెమ్మ వస్తుంది. పుట్టమన్నుతో గద్దెలు ఒకదాని మీద ఒకటి కడతారు. కింద పెద్దది, పైన చిన్నది. బతుకమ్మకు తంగేడు, గునుగు ఏరుకురావడానికి నాన్నలు పిల్లల్ని భుజం మీద ఎక్కించుకుని పోవాలి. ఏ గట్టు మీద ఏ పువ్వు పూస్తుందో చూపించే పని ఆడవాళ్లది మాత్రమే కాదు.

చలికాలంలో జొన్న కోతలు. జొన్నదంటు పెచ్చు తీసి, లోపలి బెండు ముక్కలు చేసి, పెచ్చునే పుల్లలుగా గుచ్చితే ఎద్దులబండి అవుతుంది, కళ్లద్దాలవుతాయి, మంచమవుతుంది. పైసా ఖర్చు లేదు. పెచ్చు కోసుకుంటుంది కాబట్టి పెచ్చు తీసేది పెద్దవాళ్లు, గుచ్చేది పిల్లలు. పాలకంకి కాల్చి ఊసబియ్యం తినిపిస్తూ చేయించండి, ఇక పిల్లలు అక్కడినుంచి లేవరు.

హోలీ ముందు మోదుగ పూస్తుంది. పూలు రాత్రి నీళ్లలో నానబెట్టి తెల్లారి మరిగిస్తే కాషాయం రంగు దిగుతుంది. పొయ్యి దగ్గర మీరు ఉండండి, పూలు ఏరి రేకులు తుంచేది పిల్లలు. మన హోలీకి ఆ ఏడు పుట్టిన బిడ్డకు ఢూండ్ చేస్తాం కదా, ఆ బిడ్డ అక్కకో అన్నకో ఆ రోజు ఒక పని ఉండాలి. తమ్ముడి కోసం ఊలు కుచ్చు ఒకటి తనే కట్టాలి.

ఎండాకాలం చెంచు పెంటల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరే కాలం. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర. చెంచు అన్నలు ఇక్కడున్నారు, వాళ్ల ఇళ్లలో చిన్నపిల్లవాడికి కూడా అడవి అంటే భయం ఉండదు. ఏ ఆకు ఏదో, ఏ గడ్డ తినాలో, ఏ చెట్టు మీద తేనెతుట్టె ఉందో నడుస్తూనే నేర్పుతారు. పిల్లవాడికి వాడి చేతికి సరిపోయే చిన్న విల్లు చేసిస్తారు. హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు చెంచుల మీద రాసిన పెద్ద పుస్తకం 1943లో వచ్చింది. ఆ పుస్తకం లైబ్రరీలో భద్రంగా ఉంటుంది. విల్లుకు నారి బిగించే ఒడుపు మాత్రం ఏ లైబ్రరీలోనూ ఉండదు, తాత చేతిలో ఉంటుంది. తాత పోతే దాంతోపాటే పోతుంది.

మైదానం తండాల్లో ఎండాకాలం ముంజలు తిన్నాక రెండు కాయలకు కర్ర గుచ్చితే తాటికాయల బండి. పాత చీరలతో బొంతలు కుట్టే కాలం కూడా ఇదే. గుడ్డముక్కల్ని రంగులవారీగా వేరు చేయడం, చిన్నవి పెద్దవి పేర్చడం నాలుగేళ్ల పిల్ల హాయిగా చేస్తుంది. ఆ చీర ఎవరిది, ఏ పెళ్లికి కొన్నారు అని మీరు చెప్తూ ఉంటే ఇంటి చరిత్ర మొత్తం ఆ బొంతలోకి వస్తుంది.

మన లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చిన దర్శనం మొగిలయ్యగారిని మీరందరూ చూశారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కిన్నెర దేనితో చేస్తారు? వెదురు, ఎండిన సొరబుర్రలు, తేనెమైనం. అన్నీ మన చుట్టూ దొరికేవే. ఆ విద్య ఆయనకు ఇంటి పెద్దల నుంచే వచ్చింది. మనం మాత్రం సొరబుర్రను పనికిరానిదని పెంటకుప్ప మీద వేస్తాం.

ఇప్పుడు అసలు మాట. ‘పిల్లలతో పని చేయించమని మేడం చెప్పింది’ అని ఎవరూ ఇక్కడినుంచి పోవద్దు. చట్టం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టొద్దంటుంది. 2016 సవరణలో, చదువుకు అడ్డం రాకుండా, బడి వేళల తర్వాత సొంత కుటుంబానికి సాయం చేయవచ్చని ఒక సడలింపు ఇచ్చారు. ఆ సడలింపును అడ్డం పెట్టుకుని ‘మా చేన్ల మా పిల్లే పనిచేస్తుంది’ అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. కాబట్టి నేను మూడు గుర్తులు పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి.

ఒకటి, పిల్ల ఎప్పుడు లేచి ఆడుకోవడానికి పోతానంటే అప్పుడు పోవచ్చా? పోవచ్చంటే అది నేర్చుకోవడం. పోకూడదంటే అది కూలి. రెండు, చేసిన వస్తువు ఎవరికి మిగులుతుంది? మట్టి ఎద్దు పిల్లకు మిగులుతుంది. క్రాసింగ్ చేసిన పువ్వు ఎవరికో పోతుంది, పిల్లకు నల్లబడ్డ వేళ్లు మిగులుతాయి. మూడు, పక్కన కూర్చుని మాట్లాడే పెద్దమనిషి ఉన్నారా? తీజ్ బుట్ట దగ్గర పాట ఉంటుంది, కథ ఉంటుంది. చేనులో సాలు పట్టి నిలబడ్డ పిల్లతో మాట్లాడేవాళ్లు ఉండరు, తొందరపెట్టేవాళ్లు ఉంటారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దానికి సంప్రదాయం అని పేరు పెట్టవద్దు.

తల్లిదండ్రుల మీద నింద వేయడం నాకు సులువు. కానీ అప్పు తీరక, పనులు దొరకక ముంబైకో పుణెకో హైదరాబాద్‌కో పోయినవాళ్ల పిల్లలు దాదుల దగ్గరే ఉంటారు. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా ఊరికే పుట్టలేదు. ఆ తొమ్మిది రోజుల పిల్ల సంగతీ అంతే. ఆ కూలి డబ్బులు ఆ ఇంటికి అవసరమే. అందుకే ఇది ఒక్క ఇంటి మాట కాదు, తండా మాట. 2018 చట్టంతో మన తండాలు ఎన్నో పంచాయతీలయ్యాయి. వార్డుమెంబర్లుగా, సర్పంచులుగా మీ వయసువాళ్లే ఉన్నారు. సీడు కాలంలో బడి మానిన పిల్లల పేర్లు పంచాయతీలో చదవడానికి ఏ నిధులూ అక్కర్లేదు, ధైర్యం కావాలి.

ఇంకొక మాట భాష గురించి. గోర్ బోలికి సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. అది బతికేది నాలుక మీదే. మా పిల్లలు ‘యాడి, బాపు, పాణి, బాటి’ దాకా మాట్లాడతారు. బొంత కుట్టే దగ్గర, బుట్ట కట్టే దగ్గర వాడే మాటలు వాళ్లకు రావు, ఎందుకంటే ఆ పని దగ్గర వాళ్లు కూర్చోలేదు. పని పోతే దాని పేర్లూ పోతాయి. చేతులు కదులుతున్నప్పుడు నేర్చుకున్న మాట పిల్లలు మరచిపోరు. కాబట్టి మట్టి పిసుకుతున్నంతసేపైనా పిల్లలతో మన భాషలో మాట్లాడండి.

ఆ తొమ్మిది రోజుల పిల్ల సంగతి సగంలో ఆపాను. తర్వాత మేము హాస్టల్లో ఒక చిన్న పని మొదలుపెట్టాం. పెద్దవాళ్లు చూడటానికి వచ్చే ఆదివారాల్లో వరండాలో చాప పరిచి, ఒక డబ్బాలో సూదులు, ఊలు, గుడ్డముక్కలు పెట్టాం. మొదటి ఆదివారం ఎవరూ కూర్చోలేదు, బిస్కెట్లు ఇచ్చి వెళ్లిపోయారు. రెండోసారి ఆ పిల్ల వాళ్ల దాది వచ్చింది. పేట్యా కట్టుకుని గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే, ‘పిల్లే వద్దన్నది, తోటిపిల్లలు చూస్తరట’ అంది. ఆ మాట నాకు తగిలింది. ఆ సిగ్గు పిల్లకు ఎక్కడినుంచి వచ్చింది? నా హాస్టల్ నుంచే వచ్చింది. ఆమె చేయి పట్టుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టి, నేను ఆమె ముందు కూర్చున్నాను. ఊడిన అద్దం ఎట్లా కుట్టాలో నాకు చెప్పమన్నాను. వార్డెన్ మేడం తప్పు కుడుతుంటే దాది సరిదిద్దుతోందని పిల్లలంతా గుమిగూడారు. ఆ పిల్ల వెనక నుంచి చూసి చూసి చివరికి ముందుకొచ్చి దాది పక్కన కూర్చుంది. ఆ రోజు రెండు కుచ్చులు కట్టింది. ఒకటి అప్పుడే ఊడిపోయింది. రెండోది ఆమె పెట్టె తాళానికి ఇప్పటికీ ఉంది.

నేను చేయగలిగింది అంతే, నెలకొక ఆదివారం. నూరుమంది పిల్లలకు నేను దాదిని కాలేను. హాస్టల్ మంచి చదువు ఇస్తుంది, అన్నం పెడుతుంది, భద్రంగా చూస్తుంది. ఇల్లు ఇవ్వాల్సింది మాత్రం ఇవ్వలేదు.

అందుకే మిమ్మల్ని మూడే అడుగుతున్నాను. మొదటిది, ఈ ఏడు మీ ఇంట్లో పెద్దావిడ దగ్గరో పెద్దాయన దగ్గరో ఒక్క పని నేర్చుకోండి. వీడియో తీసి పెట్టుకోండి, తప్పులేదు. కానీ చేతితో కూడా నేర్చుకోండి. వీడియోలో అద్దం కుట్టడం చాలా తేలిక, చేతిలో జారుతుంది. రెండోది, ఇంట్లో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్ల ఉంటే, అది మీ పిల్లయినా అన్న పిల్లయినా, పండుగకు ఒకటి చొప్పున ఏడాదిలో ఐదారు వస్తువులు కలిసి చేయండి. ఆ గంటసేపు ఫోన్ దూలానికి కట్టిన సంచిలో వేయండి. మూడోది, హాస్టల్ పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వాళ్లను సీడుకు పంపకండి. ఎవరైనా పంపుతుంటే చూసీ చూడనట్టు ఉండకండి.

వచ్చే రాఖీకి కూడా మా పిల్లలకు అదే పని పెడతాను, ‘ఇంట్లో కలిసి చేసింది ఒకటి తీసుకురండి’ అని. మీ తండా పిల్ల, మీ పెంట పిల్ల ఏం పట్టుకొస్తుందో చూస్తాను. వంకరగా ఉన్నా ఫర్వాలేదు, గోడకు తగిలిస్తాను. గోడమీద చోటు చాలా ఉంది.

సెలవు. జై సేవాలాల్.